మాడిన కడెం

కమ్మరి సింగాచారి ఏనుగు ఎనకకాలు వంక చూస్తా నిలబడిపోయాడంట. పొద్దున్న వొచ్చినోడు, చెట్టునీడ ఇటు తిరిగిపోయినా కదల్లేదంట. తుమ్మలగరువులో దొరగారి దివాణం ఎనకమాల చింతతోపు ఉండేది, ఆ తోపులో లావుపాటి మానుకి ఏనుగుని గొలుసేసి కట్టేశారు. ఆ గొలుసు చేసింది ఈ సింగాచారే. దారినపోయే ఆడోళ్లు చూసి, "చూడవే, ఆచారి తన గొలుసు చూసుకుని ఎంత మురిసిపోతన్నాడో" అనుకుంటా పోతన్నారంట. మురిపెం ఎక్కడిదమ్మా. ఆ మనిషి గుండెలో రాయి పడి ఉంది. ఆ గొలుసులో ఒక కడెం, అంటే ఒక లంకె, మంచిది కాదు. ఏనుగు కాలు ఇలా కదిపితే చాలు, ఈడు వొంగి ఆ కడెం వంకే చూసేవాడంట. ఆ సంగతి లోకం మొత్తం మీద తనొక్కడికే తెలుసు అనుకుంటన్నాడు.

ఏమైందంటే, ఆ ఏనుగుకి దివాణంలో పెట్టిన పేరు ఏదో పెద్దది ఉంది, నాకు నోరు తిరగదు. ఊరందరూ పెద్దబ్బాయి అనేవోళ్లు. మామూలప్పుడు చంటిపిల్లలు తొండం పట్టుకుని ఊగినా ఊరుకునేవాడు. అయితే మగ ఏనుగు కదా, ఏడాదికోమాటు మదం వొస్తాది. కణతల కాణ్ణించి నూనెలాగా కారతా ఉంటాది, కళ్లు ఎర్రబడిపోతాయి, ఇంక అప్పుడు దానికి నువ్వెవరో నేనెవరో తెలీదు. ఆ ఏడు మదం ముందుగా వొచ్చేసింది, అందరూ ఏమరుపాటుగా ఉన్నారు. పాత గొలుసు తెంపేసుకుని, మేత మోసే మనిషిని తొండంతో ఎత్తి ఇసిరేసింది. నడుం ఇరిగి మంచాన పడ్డాడు పాపం. ఎలాగో మోకులేసి, ఊరు ఊరంతా పట్టుకుని, దాన్ని ఆ మాను కాడికి చేర్చి ఆపారు. దొరగారు తుపాకీ బైటికి తీయించారంట. మావటి దస్తగిరి సాయెబు అని, గున్నప్పటి నించీ దాన్ని పెంచిన మనిషి, ఎల్లి కాళ్ల మీద పడ్డాడు. "దొరా, అది పిచ్చి కాదు, దాని ఒంట్లో వేడి, అదే దిగిపోద్ది. గట్టి గొలుసు ఒకటి చేయించండి, దిగిందాకా నేను చూసుకుంటాను" అన్నాడు. దొరగారు సరే అని, "గొలుసు చేయించు. ఇంకోమాటు అది తెంపుకుని బైటపడిందా, ఏనుగూ ఉండదు, గొలుసు చేసినోడికి చేతులూ ఉండవు" అన్నారంట. దొరల మాట అనుకో, అన్నారంటే అన్నట్టే.

అప్పుడు సింగాచారి కొలిమి రాజేశాడు. పెళ్లాం మాణిక్యం గాలి తిత్తి లాగతాది, సమ్మెట పడాల్సి వొస్తే సమ్మెటా ఏస్తాది. బలమైన మనిషి, మాట తక్కువ. ఇద్దరూ కలిసి ఒక్కో కడెం అతుకుతన్నారు. ఇదిగో, రాసుకుంటన్న అమ్మాయీ, ఇది సరిగ్గా రాసుకో. కథల్లో కమ్మరోడు వొచ్చాడనుకో, కండలూ, చెమటా, ఢాం ఢాం అని సుత్తి దెబ్బలూ, ఎగిరే నిప్పురవ్వలూ, ఇయ్యే చెప్తారు. అసలు పని దెబ్బలో లేదు, నిప్పులోకి చూట్టంలో ఉంది. ఇనుం మొదట ఎర్రగా అవుద్ది, తరవాత పండు నారింజ రంగు, తరవాత తెల్లగా, పైన నెయ్యి కరిగినట్టు తడితడిగా మెరుస్తాది. అప్పుడు తియ్యాలి. అప్పుడు తీసి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కొడితే ఒకే ఇనుం అయిపోద్ది, అతుకు ఎక్కడో ఎతికినా కనపడదు. ఆ చిటికె సేపు దాటిందా, ఇనుంలోంచే తెల్లటి పువ్వులు రాలతాయి, మతాబుల్లాగా. చూట్టానికి భలేగుంటాది. కానీ పువ్వులు రాలాయంటే ఆ ఇనుం మాడిపోయినట్టే. పైకి ఏమీ తెలీదు, లోపల మాత్రం కల్లుప్పులాగా పలుకులు పలుకులు అయిపోద్ది.

గొలుసంతా బాగానే అయింది. ఇంక ఆఖరి కడెం ఒక్కటే ఉంది. ఏనుగు కాలికి తొడిగే పట్టాని, గొలుసునీ కలిపే కడెం అది. దాన్ని నిప్పులో పెట్టాడు, రంగు చూస్తన్నాడు. దివాణం మనుషులు గుమ్మం కాడ నిలబడి తొందర పెడతన్నారు. సరిగ్గా అప్పుడు తోపు వైపు నించి పెద్ద ఘీంకారం, ఆ ఎనకాలే జనం కేకలు. ఏనుగు ఒక మోకు తెంపేసింది. అందరూ తల తిప్పి అటు చూశారు. సింగాచారీ చూశాడు. మాణిక్యమూ చూసింది, కానీ భయంలో చెయ్యి ఆగలేదు, తిత్తి ఇంకా ఇసురుగా లాగేస్తంది. మళ్లీ ఇటు తిరిగేసరికి కొలిమిలో తెల్ల పువ్వులు. గబుక్కున పట్కారుతో పైకి తీశాడు. ఆ ముక్క అవతల పారేసి ఇంకోటి చెయ్యాలి, అది పద్ధతి. అది ఆడికి తెలీదా, పుట్టిన కాణ్ణించీ కొలిమి కాడే కదా. కానీ గుమ్మంలోంచి "ఆచారీ, అయిందా, మనుషులు చచ్చిపోతారు అక్కడ" అని అరుస్తన్నారు. చెయ్యి దానంతటదే దాగలి దిమ్మ మీదకి పోయింది, సుత్తి దెబ్బ పడిపోయింది, అతుకు కూడిపోయింది. నీళ్ల తొట్టిలో ముంచి ఇచ్చేశాడు. దివాణం మనుషులు గొలుసు భుజాలకెత్తుకుని పరిగెత్తారు. దస్తగిరి ప్రాణాలకి తెగించి ఎనకకాలికి పట్టా తొడిగాడు. ఏనుగు గుంజింది, గుంజింది, గొలుసు ఆగింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. సింగాచారి ఒక్కడే పీల్చుకోలా.

ఇంక ఆ రోజు నించీ చూడు ఆ మనిషి అవస్థ. తింటాకి కూకుంటాడు, తోపులో గొలుసు చప్పుడైతే లేచిపోతాడు. పడుకుంటాడు, ఎక్కడన్నా కుక్క అరిస్తే 'తెగిపోయింది' అని లేచి కూకుంటాడు. కొలిమి చల్లారిపోయింది, నాగలి కర్రులు కొట్టించుకుంటాకి వొచ్చిన రైతులు ఎనక్కి పోతన్నారు. తోపు కాడికి పోయి చూట్టం, ఇంటికి రాటం, మళ్లీ పోవటం. మొదట్లో ఏమీ కనపళ్లేదు. 'నేనే ఎక్కువ భయపడతన్నానేమో, పువ్వులు కొద్దిగానే రాలాయి కదా' అనుకున్నాడంట. ఒకరోజు వాన పడి ఎలిసింది. ఆ తడికి కడెం మీద మట్టి కడుక్కుపోయింది. చూస్తే అతుకు కాడ నల్లగా ఒక గీత. వెంట్రుకంత. మర్నాడు పోయి చూస్తే ఆ గీత పక్కకి తిరిగింది. ఏనుగేమో ఊరుకోదు, కాలు ముందుకీ ఎనక్కీ ఊపుతానే ఉంటాది, గొలుసు బిగుసుద్ది, వొదులవుద్ది, బిగుసుద్ది, వొదులవుద్ది. ఆడు అక్కడ నిలబడి ఒక్కో బిగువుకీ పళ్లు బిగబట్టుకుంటన్నాడంట. పైగా బేస్తవారం సంత వొస్తంది. ఆ తోపు పక్క నించే బళ్లు పోవాలి, చంకన పిల్లలేసుకుని ఆడోళ్లు పోవాలి, చెరుకుముక్క చూపించి ఏనుగుని ఆటపట్టించే కుర్రకారు పోవాలి. చెప్తే చేతులు పోతాయి. చెప్పకపోతే ఎవరి ప్రాణం పోద్దో తెలీదు. అలా నలిగిపోతన్నాడు.

ఆఖరికి ఒకరోజు పొద్దున్న మాణిక్యం చల్లారిన కొలిమి ముందు కూకుని ఉంటే, పక్కన చతికిలబడి, "ఏమే, నీకొక మాట చెప్పాలి" అన్నాడంట. "చెప్పు మావా" అంది. "ఆ ఆఖరి కడెం..." అని ఆగిపోయాడు. "మాడిపోయింది" అంది ఆవిడ. ఈడు తెల్లబోయాడు. "నీకు తెలుసా?" అన్నాడు. "తిత్తి లాగింది నేనే కదా మావా. నేను చూడకుండా ఉంటానా. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తన్నాను" అంది. "మరి నువ్వే అడగొచ్చు కదే" అన్నాడు. "అడిగితే నువ్వు కాదంటావేమో అని భయమేసింది. కాదన్నావనుకో, ఇంక నాకు చెప్పుకుంటాకి ఎవరూ ఉండరు" అంది. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఒకే బెంగ పెట్టుకుని, ఒకరికొకరు తెలీకుండా తిరిగారు చూడు. అప్పుడు మాణిక్యం లేచి, "పద, సాయెబుగారికి చెబ్దాం. దొరకి కాదు. ముందు ఆయనకి తెలియాలి, రోజూ దాని కాళ్ల కాడ తిరిగేది ఆయన" అంది.

దస్తగిరి ఏనుగుకి మేత తోస్తన్నాడు, పొడుగాటి కర్రకి రెమ్మలు కట్టి. ఎల్లి చెప్పారు. ఆయన కర్ర కింద పెట్టేసి నేల మీద కూకుండిపోయాడంట. తరవాత, "ముందే చెప్తే ఏం పోయేది ఆచారీ" అన్నాడు. "చెప్తే ఏం చేసేవోరు సాయెబుగారూ" అన్నాడు ఈడు. "ఏం చేస్తాను, నీతోపాటు నేనూ అన్నం మానేసేవాణ్ణి" అన్నాడంట. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. "దొరకి చెప్పామంటే నీ చేతుల సంగతి తరవాత, ముందు పెద్దబ్బాయిని కాల్చేస్తారు. గొలుసు మారుస్తాకి కూడా ఆగరు. కట్టు ఇప్పి ఇంకో కట్టు కట్టే లోపల అది ఊరి మీద పడుద్దని ఆయన భయం, అదీ నిజమే" అన్నాడు. సింగాచారి, "ఇప్పక్కర్లేదు. ఆ కడెం అక్కడే ఉంటాది. దాన్ని దాటించి ఇంకో ముక్క ఏస్తాను. అటు కాలి పట్టా, ఇటు మంచి కడెం, ఆ రెంటికీ కొత్త ఇనుం పట్టుకుంటే మధ్యన ఆ మాడింది ఉన్నా ఒకటే, పోయినా ఒకటే" అన్నాడు. "ఎక్కడ కూకుని ఏస్తావు?" అన్నాడు దస్తగిరి. ఆడు చెయ్యి చాపి చూపించాడంట. ఏనుగు మడమ కాడ.

ఇంటికొచ్చి కొలిమి రాజేశారు. ఈసారి గుమ్మానికి తడిక అడ్డం పెట్టేశారు, ఎవరు పిలిచినా పలకలేదు. గుర్రపునాడా ఉంటాది చూడు, అలాంటిదే, కానీ పొడుగ్గా చేశాడు. రెండు చివర్లూ చదును చేసి బెజ్జాలు పొడిచాడు, ఆ బెజ్జాల్లో అడ్డంగా దూర్చటానికి లావుపాటి సీల ఒకటి చేశాడు. "మెల్లిగా లాగవే, మెల్లిగా" అంటా, కన్ను తిప్పకుండా రంగు చూస్తా చేశాడంట. చల్లారాక తాడు కట్టి వేలాడదీసి సుత్తితో తట్టాడు, గుడిగంటలాగా మోగింది. సీల దూర్చి ఊరుకుంటే చాలదు, ఊగుళ్లకి జారిపోద్ది. దూర్చాక దాని కొసని కొట్టి చితక్కొట్టాలి, మేకు తల లాగా. అలా కొట్టాలంటే అవతల పక్క నించి ఇంకో మనిషి బరువైన ఇనుం ఒకటి సీలకి అదిమి పట్టుకోవాలి, లేపోతే దెబ్బకి సీల ఎనక్కి పోద్ది. అంటే ఒక్కడితో అయ్యే పని కాదు. సింగాచారి ఇంకెవరినన్నా పిలుద్దాం అని చూస్తన్నాడు. మాణిక్యం సమ్మెట భుజాన ఏసుకుని బైటికొచ్చి నిలబడింది. "నువ్వొద్దే" అన్నాడు. "నీ దెబ్బ ఎక్కడ పడుద్దో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు" అంది. ఆడు సుత్తి తీసుకుని ముందు నడిచాడు.

మిట్టమద్దేనం ఎళ్లారు. ఆ ఎండలో ఏనుగు కాస్త మగతగా ఉంటాది, దారిన మనుషులు కూడా ఉండరు. దస్తగిరి ముందు వైపు నిలబడ్డాడు, తొండం అందేంత దగ్గరలో. "నేను మాట్లాడతా ఉంటాను. నా గొంతు ఇంటే దానికి కాస్త స్థిమితం. మీరు కొట్టడం మొదలెట్టాక ఆపొద్దు. ఒకేలాగా కొడితే అలవాటు పడుద్ది, ఆపి ఆపి కొడితే బెదురుద్ది" అని చెప్పాడు. మొగుడూ పెళ్లాం ఎనక నించి పాక్కుంటా పోయారంట. దగ్గరికి పోతే ఆ కాలు ఎంత ఉంటాదనుకున్నావు, ఇంటి స్తంభం కంటే లావు. మదం కంపు ముక్కు బద్దలు కొడతంది. ముందు నించి దస్తగిరి ఏనుగుతో ఇంటి సంగతులు చెప్తన్నాడు. "ఒరే పెద్దబ్బాయ్, మా రెండోదానికి సంబంధం వొచ్చిందిరా. పిల్లాడు బాగానే ఉన్నాడు, కాస్త కోపిష్టివోడంట. నీకంటేనా అన్నాను. మా ఇంటిది, అదే మీ పిన్ని, ఒప్పుకోటంలేదు. నువ్వేమంటావు" అని ఇలా, గొంతు వొణక్కుండా. సింగాచారి నాడా ముక్కని పట్టాలోంచి దూర్చాడు, రెండు కొసలూ మంచి కడేనికి అటూ ఇటూ తెచ్చాడు, బెజ్జాల్లోంచి కడెం నడిమి గుండా సీల దూర్చాడు. మాణిక్యం సమ్మెట తలకాయ సీల ఎనకమాల పెట్టి, మోకాలు ఆనించి అదిమింది. మొదటి దెబ్బ ఏశాడు.

ఏనుగు ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. చెవులు ఆగిపోయాయి. దస్తగిరి మాట ఆపలేదు, ఈడు దెబ్బ ఆపలేదు. సీల కొస నెమ్మదిగా చదునవుతా వొస్తంది. సగం అయింది. అప్పుడు టప్పుమని చిన్న చప్పుడు, ఎండుకొమ్మ ఇరిగినట్టు. అంతే. మాడిన కడెం తెగిపోయింది. ఇన్నాళ్లూ ఏ చప్పుడికి లేచి కూకున్నాడో ఆ చప్పుడు అది, చూస్తే ఇంతే ఉంది. గొలుసు బరువంతా వొచ్చి కొత్త ముక్క మీద పడింది, ఇంకా పూర్తికాని సీల మీద పడింది. సీల గోటి మందం ఎనక్కి జరిగింది. మాణిక్యం ఇంక మోకాలు కాదు, ఛాతీ మొత్తం సమ్మెట మీద ఏసి తోసింది. ఏనుగుకి కాలు తేలికైనట్టు అనిపించిందో ఏమో, ఒక అడుగు ఎనక్కి ఏసింది. ఆ పాదం వొచ్చి మాణిక్యం పక్కనే నేల మీద ఆనింది, ఆవిడ కొంగు దాని కింద పడిపోయింది. లేద్దామంటే లేవలేదు, పక్కకి జరుగుదామంటే జరగలేదు. అరిస్తే ఏనుగు బెదురుద్ది, మొగుడితో చెప్తే సుత్తి ఆగిపోద్ది. ఆవిడ పెదాలు బిగబట్టుకుని సమ్మెట తోస్తానే ఉందంట. సింగాచారికి ఇదేమీ తెలీదు, ఆడి కళ్లు సీల మీదే ఉన్నాయి. కొట్టాడు, కొట్టాడు, కొస పూర్తిగా చితికి తలకట్టింది. అప్పుడు తలెత్తి చూస్తే పెళ్లాం కొంగు ఏనుగు పాదం కింద. ఇద్దరూ కదలకుండా అలా ఒకరి మొకం ఒకరు చూసుకుంటా ఉన్నారు. ముందు నించి దస్తగిరి, "పెళ్లికి నిన్ను కూడా తీసుకెల్తానులేరా, ముఖమల్ గుడ్డ కప్పి" అంటన్నాడు. ఏనుగు పెద్దగా ఊపిరి ఒదిలి, బరువు ఆ కాలి మీద నించి ఈ కాలి మీదకి మార్చుకుంది. మాణిక్యం కొంగు లాక్కుంది. ఇద్దరూ పాక్కుంటా ఇవతలికి వొచ్చేశారు.

ఇక్కడితో అయిపోయింది అనుకుంటన్నారు కదా. దెబ్బల చప్పుడు దివాణంలోకి ఇనపడింది. దొరగారు మనుషుల్నేసుకుని ఏంటా అని వొచ్చారు. వొచ్చి చూస్తే గొలుసుకి కొత్త ముక్క. "ఏంటది?" అన్నారు. దస్తగిరి తెలివైనోడు, "బలం కోసం ఇంకో ముక్క ఏయించాను దొరా, రేపు సంత కదా" అన్నాడు. దొరగారు తల ఊపి, "మంచి పని చేశావు ఆచారీ" అన్నారు. అక్కడితో పోను. కానీ సింగాచారి గుప్పిట్లో ఆ తెగిన కడెం ముక్క ఉంది, ఇవతలికి వొస్తా వొస్తా తెచ్చుకున్నాడు. మంచి పని చేశావు అన్న మాట ఇనేసరికి ఆడి గుప్పిట దానంతటదే తెరుచుకుందంట. ఎందుకు చూపించావు అని తరవాత ఎంతమంది అడిగినా, ఏమో నాకే తెలీదు అనేవాడంట. "ఇది తెగింది దొరా. నేను మాడబెట్టి ఇచ్చిన కడెం ఇది. మాడిందని నాకు తెలుసు, తెలిసే ఇచ్చాను" అన్నాడు. దస్తగిరి కళ్లు మూసుకున్నాడు. దొరగారు ఆ ముక్క చేతిలోకి తీసుకుని ఇరిగిన చోట వేలితో రాస్తే పలుకులు రాలాయి. చాలాసేపు ఏనుగు వంక చూశారు, ఊరి వంక చూశారు.

"చేతులు తియ్యను" అన్నారు ఆఖరికి. "తీస్తే ఊళ్లో అరకలు ఆగిపోతాయి. ఇన్నాళ్లూ ఆ గొలుసు పక్కన ఊరందరినీ ఉంచావు కదా. ఇప్పుడు నువ్వుండు" అన్నారు. నులకమంచం ఒకటి తెప్పించారు. ఏనుగు గొలుసు బిగిలాగి తొండం చాపితే ఎంతదాకా వొస్తాదో కొలిపించి, అక్కణ్ణించి జానెడు ఇవతల మంచం ఏయించారంట. "మదం దిగిందాకా నీ పగలూ రాత్రీ ఈ మంచం మీదే. నీ గొలుసు ఒక కడెం సాగినా పోయేది నువ్వే" అన్నారు. దస్తగిరి బతిమాలాడు, దొరగారు ఇన్లేదు. సింగాచారి నడుచుకుంటా పోయి మంచం మీద కూకున్నాడు. ఏనుగు ఆణ్ణి చూసి ముందుకి గుంజింది. గొలుసు తీగలాగా బిగుసుకుంది. తొండం ఆడి మొకం ముందు దాకా వొచ్చి, అందక, వేడి ఊపిరి ఊదింది. చుట్టూ ఉన్న జనం నాలుగడుగులు ఎనక్కి ఏశారు. దొరగారు, ఈడు ఎప్పుడు వొణుకుతాడా అని చూస్తా నిలబడ్డారు. సింగాచారి ఒకమాటు ఆ సీల వంక చూశాడంట. తలకింద చెయ్యి పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. పడుకున్నాడో లేదో గురక. ఏనుగు దుమ్మెత్తి మీద పోసింది, గురక ఆగలేదు. ఎన్నాళ్ల నిద్రో అది. దొరగారు ఇంకాసేపు నిలబడి, ఏం చెయ్యాలో తోచక దివాణంలోకి ఎల్లిపోయారంట.

బేస్తవారం సంత జరిగింది, ఆ మంచం ముందు నించే బళ్లన్నీ పోయాయి, ఎవరికీ ఏమీ కాలేదు. తరవాత నెమ్మదిగా మదం దిగింది, పెద్దబ్బాయి మళ్లీ పిల్లల్ని ఊపుకునేవాడయ్యాడు. ఇదీ సంగతి. మా మేనత్త ఈ కథ ఇక్కడిదాకా చెప్పి, "ఆహా, తన చేతిపని మీద ఎంత నమ్మకం చూడండి" అనేది. అందరూ ఆచారి నిద్ర గురించే చెప్పుకుంటారు. నేనైతే మాణిక్యం సంగతి అడుగుతాను. ఆవిడ మంచం పక్కన నేల మీద కూకుని, మదం దిగిందాకా ఆ సీల వంకే చూస్తా ఉందంట. దెబ్బలు సరిగ్గా పడ్డాయని ఆయనకి తెలుసు, ఎందుకంటే కొట్టింది ఆయన. ఏనుగు పాదం కొంగు మీద పడినప్పుడు ఎనకాల సమ్మెట పట్టుకున్న చేతులు ఒకవేళ వొణికాయేమో, అది ఆవిడకి తెలుసు. లేపోతే ఆవిడకీ తెలీదు. మొగుడు హాయిగా గురక పెడతా ఉంటే లేపి, సీల గట్టిగా కూకుందా అని ఎలా అడుగుద్ది చెప్పు.